మోకాలి సర్జన్ల లెక్కలు బయటపెట్టాలి

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో మోకాళ్లు అరిగిపోయి అడుగు తీసి అడుగు వేయలేని పెద్దవాళ్లకు ఎక్కువమంది ఇచ్చే సలహా, మద్రాసు వెళ్లమని. ప్రతాప్ సి. రెడ్డి 1983లో ప్రారంభించిన అపోలో మొదలుకొని సెంట్రల్ స్టేషన్ ఎదుట ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రి వరకు, చెన్నైలో కీళ్ల మార్పిడి చేసే చోట్లకు కొదవ లేదు. కొదవంతా సమాచారానికే. ఫలానా సర్జన్ ఏడాదికి ఎన్ని మోకాళ్లు మారుస్తారు, వాటిలో ఎన్నింటికి ఇన్ఫెక్షన్ సోకింది, ఎన్నింటికి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది అన్నది రోగికి తెలిసే దారి లేదు. ఆ లెక్కలు ప్రకటించడం ప్రతి ఆసుపత్రికీ తప్పనిసరి కావాలి.

మార్చిన మోకాలు బాగా మన్నుతుందనడంలో సందేహం లేదు. 2019లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అధ్యయనం ప్రకారం పూర్తిగా మార్చిన మోకాళ్లలో దాదాపు 82 శాతం 25 ఏళ్లు నిలుస్తున్నాయి. అయితే ఆపరేషన్ ఫలితంతో తృప్తి చెందనివారు ఐదుగురిలో ఒకరు ఉంటున్నారని కెనడా పరిశోధకులు తేల్చారు. ఈ ఆపరేషన్ అరుదుగా చేసే సర్జన్ల దగ్గర చిక్కులు ఎక్కువని ఉత్తర అమెరికా అధ్యయనాలు పదేపదే చూపాయి. ప్రకటనల్లో కనిపించే రోబోలు సర్జన్ అనుభవానికి బదులు కాలేవు. దక్షిణ కొరియాలో తొలితరం రోబోతో ఆపరేషన్ చేయించుకున్నవారిని పదేళ్లకు పైగా గమనించినా, మామూలు పద్ధతిలో చేయించుకున్నవారికంటే వారి మోకాళ్లు మెరుగ్గా పనిచేస్తున్నట్టు తేలలేదు.

ప్రభుత్వం తలచుకుంటే జోక్యం చేసుకోగలదని ఇప్పటికే రుజువైంది. 2017 ఆగస్టులో కేంద్రం కృత్రిమ కీళ్ల ధరలకు కళ్లెం వేసి, కోబాల్ట్ క్రోమియం మోకాలికి జీఎస్టీ కాకుండా 54,720 రూపాయలు గరిష్ఠంగా నిర్ణయించింది. వస్తువు ధర రోగికి తెలిసింది. దాన్ని అమర్చే వైద్యుడి ఫలితాలు మాత్రం తెలియడం లేదు. బ్రిటన్‌లో 2003 నుంచి జాతీయ కీళ్ల రిజిస్ట్రీ ఆపరేషన్లను నమోదు చేస్తోంది. అక్కడ సర్జన్ పేరుతో వెతికితే ఎన్ని కీళ్లు మార్చారో ఎవరైనా చూడవచ్చు. మన దేశంలో కీళ్ల సర్జన్ల సంఘం నడిపే రిజిస్ట్రీకి వివరాలు ఇవ్వడం ఐచ్ఛికమే.

లెక్కలు బయటపెడితే మధుమేహం, స్థూలకాయం ఉన్నవారిని సర్జన్లు దూరం పెడతారన్న ఆందోళన న్యాయమైనదే. అందుకే వయసు, ఇతర జబ్బులను పరిగణనలోకి తీసుకుని ఫలితాలను సరిపోల్చాలి. కొత్త సర్జన్లు ఎదగలేరన్న వాదనకూ జవాబుంది: సీనియర్ పర్యవేక్షణలో చేసిన ఆపరేషన్లను విడిగా చూపవచ్చు. వీటన్నిటికంటే బలమైన అభ్యంతరం, సంఖ్య కోసం అవసరం లేనివారికీ కోత పెడతారన్నది. ఈ భయం నిరాధారం కాదు: డెన్మార్క్‌లో 100 మందిపై జరిగిన పరిశోధనలో కోత లేని చికిత్సకంటే ఆపరేషన్ నొప్పిని ఎక్కువగా తగ్గించింది, తీవ్రమైన దుష్ఫలితాలనూ ఎక్కువ తెచ్చింది. వ్యాయామం, ఆహార నియమాలతో మొదలుపెట్టినవారిలో ఏడాదిలోపు ఆపరేషన్‌కు వెళ్లింది 26 శాతమే. కాబట్టి సంఖ్యతోపాటు, కోతకు ముందు ఏయే చికిత్సలు ప్రయత్నించారో కూడా నమోదు కావాలి.

1997 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్ల చట్టం తమిళనాడు చేతిలో ఉంది. ఆసుపత్రుల నమోదుకు ఈ వివరాలను షరతుగా చేర్చాలి. అంతవరకు రోగులు, వారి పిల్లలు మొహమాటపడకుండా అడగాలి: కత్తి పట్టేది మీరేనా, మీ సహాయకులా? నిరుడు ఎన్ని చేశారు? ఎన్ని మళ్లీ తెరిచారు? ఊరికి వెళ్లాక కుట్ల దగ్గర చీము పడితే ఎవరు చూస్తారు? ఈ ప్రశ్నలకు ఓపికగా, అంకెలతో జవాబిచ్చే సర్జన్‌నే నమ్మాలి. విసుక్కునేవారి పేరు ఎంత పెద్దదైనా మరో వైద్యుడి అభిప్రాయం తీసుకోవాలి. మోకాలి మార్పిడి దాదాపు ఎప్పుడూ అత్యవసరం కాదు, విచారించుకోవడానికి రోగికి వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో చేతికందాల్సిన సమాచారం ఇప్పించడం ప్రభుత్వ బాధ్యత.