పథ్యం ఒక్కడికేనా?

వయసుకు మించి లావెక్కిన పిల్లవాణ్ణి ఆసుపత్రికి తీసుకొచ్చే తల్లిదండ్రులు ముందుగా అడిగే మాట, "వీడికి ఏమేం పెట్టకూడదో రాసివ్వండి" అని. డాక్టరుగారు రాసిస్తారు. ఆ సాయంత్రమే నాన్న బజ్జీల పొట్లం తెస్తాడు. అందరూ తింటూ, "నీకొద్దురా, డాక్టరుగారు చెప్పారు కదా" అంటారు. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి అది వైద్యంలా కనిపించదు, శిక్షలా కనిపిస్తుంది. ఆ తర్వాత దొంగచాటుగా తింటాడు.

ఇంటిల్లిపాదీ మారకుండా బిడ్డ ఒక్కడే మారాలనడం అన్యాయమని నా అభిప్రాయం. పైగా అది పనిచేయదు కూడా. అమెరికాలో లెనార్డ్ ఎప్‌స్టీన్ బృందం 6 నుండి 12 ఏళ్ళ పిల్లలకు చికిత్స చేసి, పదేళ్ళ తర్వాతి ఫలితాలను 1990లో ప్రకటించింది. తల్లో తండ్రో కూడా బిడ్డతోపాటు బరువు తగ్గే ప్రయత్నం చేసిన ఇళ్ళలో పిల్లల అధిక బరువు శాతం మొదటికంటే 7.5 తగ్గింది. బిడ్డ మీదనే దృష్టి పెట్టిన ఇళ్ళలో అది 4.5 పెరిగింది.

నాన్నమ్మలను తప్పుపట్టడం నాకిష్టం లేదు. ఆకలి ఎరిగిన తరం వారిది. మనవడి బుగ్గలు చూస్తే వాళ్ళ కడుపు నిండుతుంది. "మీ గారాబమే వాణ్ణి పాడుచేసింది" అంటే ఎవరికైనా కోపం రాదా? అంతకన్నా చోడి అంబలి కాచే బాధ్యత ఆవిడకే అప్పగించండి. అది ఆవిడకు మనందరికంటే బాగా తెలుసు. బెల్లం మాత్రం తగ్గించమని బతిమాలుకోవాలి, తప్పదు!

250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకు సీసాలో సుమారు 25 గ్రాముల చక్కెర ఉంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పిన రోజువారీ హద్దు కూడా అంతే. కనుక ఆ సీసా ఇంట్లోకే రాకూడదు, పెద్దల కోసం కూడా. అన్నం తినేటప్పుడు టీవీ, సెల్‌ఫోను అందరూ కట్టేయాలి. పిల్లలకు రోజుకు గంటసేపు ఒళ్ళు అలిసే ఆట కావాలి. "పోయి ఆడుకో" అని కుర్చీలోంచి కేకేసే నాన్న, తనూ లేచి వెళ్ళాలి. సండే స్కూలులో క్రీము బిస్కెట్లు పంచే మనం కూడా కాస్త ఆలోచించుకోవాలి.

పస్తులు పెట్టకండి, బరువు తగ్గించే పొడులు కొనకండి. ఎదిగే బిడ్డకు చాలాసార్లు బరువు పెరగకుండా నిలిస్తే చాలు, పొడుగు పెరిగేకొద్దీ ఒళ్ళు సర్దుకుంటుంది. చుట్టాల ముందు "బొండాం" అని పిలవడం ఈరోజే మానేయండి.

ఈసారి ఓపీకి వచ్చేటప్పుడు, ఇంట్లో వండేవారినీ, సరుకులు తెచ్చేవారినీ కూడా వెంటబెట్టుకు రండి.