ఇంటిలెక్కలు: ధరల గీతలు చదువువారు

ఆదోనిలో పత్తివేలము జరుగు దినములలో క్వింటాలు ధర యెంత పలికినదను మాట దీపములు పెట్టు వేళకు ముందే వంటయింటికి చేరును. ఎమ్మిగనూరులో మగ్గమున్న యిండ్లకు అదే మాట నూలుధర రూపమున కొంత ఆలస్యముగా వచ్చును. ఇట్టి ప్రాంతమున ధరలను గూర్చిన విద్య పురుషుల విషయమని మనము ఊరకుండ వీలులేదు. ఇటీవల మన యిండ్లలోని యువకులు చేతిఫోనులో ఎఱ్ఱని పచ్చని గీతలు చూచుచు అర్ధరాత్రి వఱకు మేలుకొనుటయు, “రేపు మార్కెట్టు పైకి పోవును, పటమే చెప్పుచున్నది” అనుటయు పాఠకురాండ్రు పలువురు ఎఱిగినదే. ఈ విద్యకు టెక్నికల్ అనాలిసిస్ అని పేరు. దానిని అభ్యసించువారు చార్టిస్టులు. ఇది విద్యయా, జూదమా యను ప్రశ్నకు ఒక్కమాటలో బదులు చెప్పుట కష్టము.

ముందు పటమనగా నేమో చూతము. ఒక దినమున మొదటిబేరము ఏ ధరకు కుదిరినది, కడపటిబేరము ఏ ధరకు ముగిసినది, నడుమ ధర ఎంత పైకి పోయినది, ఎంత క్రిందికి దిగినది — ఈ నాలుగు అంకెలతో ఒక చిన్న స్తంభము గీయుదురు. మొదటిధరకును కడపటిధరకును నడుమ లావుపాటి మేను. దానికి పైనను క్రిందను సన్నని వత్తి. కొవ్వొత్తివలె నుండును గనుక ఆ పేరే నిలిచినది. కడపటిధర హెచ్చైనచో పచ్చన, తగ్గైనచో ఎఱ్ఱన. ధర పలుమార్లు దిగివచ్చి మరల లేచిన చోటును సపోర్టు అనియు, పలుమార్లు తగిలి వెనుదిరిగిన చోటును రెసిస్టెన్సు అనియు అందురు. స్తంభముల ఆకారములను బట్టి సుత్తి యనియు, తలయు భుజములు ననియు ఇంకను ఎన్నియో పేళ్లు గలవు.

మన మార్కెట్టుయార్డు ధరలతో ఇట్టి స్తంభము గీయబోవువారు ఒక సంగతి మఱచుచుందురు. యార్డులో ప్రకటించు కనిష్ఠ, గరిష్ఠ ధరలు ఒకే సరకు ధర ఎక్కి దిగిన జాడలు కావు. ఒక రాశి తడిసి, ఆకును పుల్లలును కలిసియుండును; మఱియొకటి మల్లెపూవువలె తెల్లగా, పొడిగా నుండును. రాశి రాశికి ధర వేఱు. వాన కురిసిన మఱునాడు కనిష్ఠధర పడిపోయినచో తడిపత్తి వచ్చినదని మాత్రమే తెలిసికొనవలెను. వాయిదాబజారులో సరకు తరగతి ముందే నిర్ణయమై యుండును గనుక అచట నేటిధరను నిన్నటిధరతో పోల్చుట న్యాయము. చేలలో పత్తి తీయునది విశేషముగా స్త్రీలే గనుక ఈ భేదము మన పాఠకురాండ్రకు మేము నేర్పనక్కరలేదు; పటము చూపువారికే నేర్పవలసి యుండును.

ఈ పటముల పుట్టుక జపాను దేశమున. అచట ఒసాకా నగరపు దోజిమా బియ్యపుబజారులో 1730వ సంవత్సరము నుండి ప్రభుత్వపు అనుమతితో బియ్యమునకు వాయిదా బేరములు జరిగినవి. సకాటా పట్టణపు బియ్యపువర్తకుడు హొమ్మా మునెహిసాయే కొవ్వొత్తిపటమునకు మూలపురుషుడని చెప్పుదురు గాని, ఆ పటము ఆయన తరువాతికాలమున రూపుగట్టినదని పరిశోధకులు కొందఱి మతము. అమెరికాలో ఛార్లెస్ డౌ అను పత్రికాసంపాదకుడు 1896లో కొన్ని కంపెనీల వాటాధరల సగటు నొక అంకెగా ప్రకటించి, దాని నడక గూర్చి వ్రాసెను. ఆయన 1902లో మరణించిన పిమ్మట విలియం హామిల్టన్ అదే పత్రికలో ఆ సిద్ధాంతమును పెంచి పెద్దచేసెను. హామిల్టన్ మాటలు ఎంతవఱకు ఫలించినవో ఆల్ఫ్రెడ్ కౌల్సు అను నాతడు లెక్కించి 1933లో ప్రకటించెను: ఆ సలహాలు పాటించినవానికి సాలుకు సగటున నూటికి 12, ఏమియు చేయక వాటాలు కొని ఊరకున్నవానికి 15½. అయితే 1998లో మఱికొందఱు పండితులు ఆ లెక్కనే మరల తెఱచి, హామిల్టన్ దారిలో ఒడుదొడుకులు తక్కువ గనుక ఆ విద్యను బొత్తిగా కొట్టివేయరాదని తేల్చిరి. నేటికిని ఆ వివాదము తీరలేదు.

మా అభిప్రాయమున ఈ విద్యలో సారమున్నచో అది మనుష్యుల జ్ఞాపకమున నున్నది. దీనికి దూరము పోనక్కరలేదు. 2022లో పత్తిధర క్వింటాలునకు పదివేల రూపాయలు దాటెను. మఱుసటి పంటకు ధర చాల దిగెను. అంతకుముందు పలికిన ధర మనసులో నాటుకొనుటచే దేశమంతట ఎందఱో రైతులు పత్తి అమ్మక ఇండ్లలోనే పోసికొనిరి. ఆ పదివేల అంకె పటముపై గీత కాకమునుపే రైతు మనసున గీత యయ్యెను. ధర కొంత లేచినప్పుడెల్ల దాచినవారు మూటలు విప్పుదురు. సరకు వచ్చిపడగా ధర మరల దిగును. చార్టిస్టు రెసిస్టెన్సు అనునది ఇదియే. ఆ నిరీక్షణకాలమున పత్తిరాశుల నడుమ వంట చేసినదియు, నిప్పురవ్వకు భయపడినదియు, అప్పునకు వడ్డీ కట్టుటకై గాజులు తీసియిచ్చినదియు ఎవరో పటమున కనబడదు.

మఱి జ్ఞాపకము లేని అంకెలకు పటము గీసినచో నేమగును? ఇదియు పత్తి కథయే. న్యూయార్కు పత్తిబజారులో మొదటిధరయు, ముగింపుధరయు తంతిద్వారా బొంబాయికి వచ్చుచుండెడివి. ఆ అంకెలపై పందెములు కాయుట అచట ఆచారమయ్యెను. 1961లో ఆ ధరలు వచ్చుట ఆగిపోగా, కుండలో చీటీలు వేసి అంకె తీయుట పుట్టెను. కుండ కనుక మట్కా. నేటికిని ఆ జూదమున వాడు ‘ఓపెను’, ‘క్లోజు’ అను మాటలు పత్తిధరల నాటివే. ఆదోని, ఎమ్మిగనూరు వార్తలలో మట్కా కేసులు అరుదు కావు. ఆ జూదమాడువారును పాత అంకెల పటము దగ్గఱ పెట్టుకొని, ఏ అంకె చాలదినములుగా రాలేదో చూచి, ఇక అదియే వచ్చునని లెక్కలు గట్టుదురు. చీటీకి నిన్నటి జ్ఞాపకము లేదు. ఎవరును నష్టమునకు వెఱచి దానిని అమ్ముకొనరు. కనుక ఆ పటము ఎంత చక్కగా గీసినను వట్టిదే. రెండుపటములును గళ్ళకాగితముపై ఒక్కతీరుననే కనబడుటయే చిక్కు. ఎమ్మిగనూరు నేతపనివారును గళ్ళకాగితముపై అంచు గీయుదురు గదా; అచట గీసినది గీసినట్లు బట్టలో దిగును. ధరలపటమునకు అట్టి విధేయత లేదు.

ఆ పట్టణమున మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘమును నెలకొల్పినప్పుడు చూచినదియు ఈ ధరల ఒడుదొడుకులకు మందే. నూలు కొనుటలోను గుడ్డ అమ్ముటలోను ఒంటరిగా చిక్కుకొనిన నేతగానికి రేపటిధర చెప్పువాడు కాక, నేటిధర నిలుపు ఆధారము కావలసియుండెను. ఆయనకు 1954లో పద్మశ్రీ బిరుదము లభించినది.

ఇక నేటి చార్టిస్టుల సంగతి. వీరిలో మంచివారు బేరమునకు ముందే “ఇంతకు దిగినచో బయటపడెదను” అని వ్రాసికొని, ఆ మాట మీఱరు. తమ తప్పిన గీతలను తోటివారికి చూపి వాదించుకొందురు. అట్టివారి వలన ఇంటికి పెద్ద హాని లేదు. హాని ఫ్యూచర్సు, ఆప్షన్సు అను వాయిదాబేరములలో నున్నది. ఆప్షను కొన్నవాడు చెల్లించిన సొమ్ము మంచుగడ్డవలె గడువు సమీపించుకొలది కరగును. ధర అతడు చెప్పిన దిక్కుననే పోయినను, గడువు దాటి పోయినచో చేతికేమియు దక్కదు. పటము నిజమై, ధనము పోవుట యట్లు. మార్కెట్టును పర్యవేక్షించు సెబీ సంస్థ 2024 సెప్టెంబరున ప్రకటించిన లెక్క యిది: 2021–22 మొదలు మూడు ఆర్థిక సంవత్సరములలో ఈ బేరములాడిన కోటికి పైగా వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరి, సగటునష్టము ఖర్చులతో కలిపి మనిషికి సుమారు రెండులక్షల రూపాయలు. 2023–24లో బేరములాడినవారిలో మూడువంతులకు పైగా సాలుకు అయిదులక్షలలోపు ఆదాయము గలవారు. 2024–25లోను నూటికి 91 మందికి నష్టమే.

పాఠములు చెప్పి రుసుము గైకొనువారిని గూర్చి 2025 జనవరిలో సెబీ యొక కట్టడి చేసినది. కేవలము విద్య నేర్పువారు గడచిన మూడునెలల ధరలను చూపి, వాటా పేరెత్తి, భవిష్యత్తు చెప్పరాదు. నేటి పటము చూపి “ఇది కొనుడు” అనువారు సలహాదారులుగానో విశ్లేషకులుగానో నమోదై యుండవలెను. ఆ సంఖ్య సెబీవారి జాలస్థలిలో సరిచూచుకొనవచ్చును. రుసుము కట్టకముందే కుఱ్ఱవానిని ఆ సంఖ్య అడుగుడు.

ఇంట నెవరైన ఈ పని చేయుచున్నచో గీతల గూర్చి వారితో వాదులాడుట వృథా. వారికి మాటలు హెచ్చుగా వచ్చును. దలాలీసంస్థ సాలుకొకసారి యిచ్చు లాభనష్టముల పట్టిక చూపుమని అడుగుడు. దలాలి, పన్నులు పోను మిగిలినదెంతో అందుండును. ఆ ధనము ఎచటిదో తెలిసికొనుడు: జీతములో మిగిలినదా, పంటసొమ్మా, కుదువపెట్టిన బంగారమా. నష్టము వచ్చినచో దాచిపెట్టనీయకుడు. ఫ్యూచర్సు, ఆప్షన్సులలో వచ్చిన నష్టమును గడువులోగా ఆదాయపుపన్ను లెక్కలలో చూపినచో ఎనిమిది సంవత్సరముల వఱకు తరువాతి వ్యాపారలాభములలో తగ్గించుకొనవచ్చును. భార్యకు తెలియునేమోయని పట్టిక మూలబెట్టిన పురుషుడు ఆ సదుపాయమును కూడ పోగొట్టుకొనును.