గింజకు దొరికిన దారి

వడ్లగింజలో ఉన్నది బియ్యపుగింజే అని లోకోక్తి. తేటతెల్లమైన విషయాన్ని గూర్చి తర్కం అనవసరమని దాని భావం. ఐతే నేటి వడ్లగింజలో ఉన్నది బియ్యపుగింజ ఒక్కటే కాదు. రాజ్యాల ఒప్పందాలు, ఓడరేవుల లెక్కలు, దూరదేశాల వంటిళ్ల అవసరాలు సైతం అందులో ఇమిడి ఉన్నవి. ఆ సంగతులు అందరికంటె ఆలస్యంగా తెలిసేది ఆ గింజను పండించినవానికే. ఇది విచారింపదగిన విషయం.

హైదరాబాదులోని హైటెక్ సిటీ ప్రపంచంతో వర్తకానికి అలవాటుపడిన చోటు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ భవనం ప్రారంభమైనది మొదలు అక్కడి నుండి మాటలు, లెక్కలు క్షణాలలో ఖండాంతరాలకు చేరుతున్నవి. అక్కడి అంతర్జాతీయ సమావేశ మందిరంలోనే 2023 జూన్ 15 నుండి 17 వరకు జీ-20 దేశాల వ్యవసాయ మంత్రులు సమావేశమైనారు. ఆహార భద్రతను, పోషణను గూర్చి ఏడు సూత్రాలను నిర్ణయించి, ఈ గడ్డ పేరనే వాటికి ‘దక్కన్ ఉన్నత స్థాయి సూత్రాలు’ అని నామకరణం చేసినారు. వ్యవసాయంలో నూతన ఆవిష్కరణలను, డిజిటల్ సాంకేతికతను త్వరితపరచాలన్నది వాటిలో ఒకటి.

ఆ సభ ముగిసి నెల గడచినదో లేదో, జూలై 20న కేంద్ర ప్రభుత్వం బాసుమతి కాని తెల్లబియ్యపు ఎగుమతిని నిషేధించినది. ఆజ్ఞ తక్షణమే అమలులోకి వచ్చినది. దేశంలో ధరలను అదుపులో ఉంచడమే దాని ఉద్దేశం. ప్రపంచ బియ్యపు ఎగుమతులలో ఇంచుమించు 40 శాతం భారతదేశానివే కావడంచేత ఆ ఆజ్ఞ ప్రభావం నలుదిక్కులకు ప్రాకినది. అమెరికాలోని తెలుగు కుటుంబాలు సోనా మసూరి సంచుల కొరకు దుకాణాల ముందు బారులు తీరినవి. ఇంటికి ఒక్క సంచి మాత్రమే అని కొన్నిచోట్ల నియమం పెట్టవలసివచ్చినది. ఆగస్టులో ప్రపంచ బియ్యపు ధరలు 15 సంవత్సరాలలో ఎన్నడూ లేని స్థాయికి చేరినవని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సూచీ తెలిపినది. బారులు తీరినవారికి అది కొద్దినాళ్ల ఇబ్బంది. దిగుమతి బియ్యంపై బ్రతికే ఆఫ్రికా దేశాల పేదలకు మాత్రం అది ఆకలి సమస్య. నిషేధం తొలగినది 2024 సెప్టెంబరు 28న.

మరి రైతు మాట ఏమి? జూలై మాసం తెలంగాణలో వానకాలపు నాట్ల అదను. సన్నరకాలు నాటినవాడు ధాన్యం కళ్లజూడడానికి నాలుగైదు నెలలు పట్టుతుంది. విత్తనం, ఎరువు, కూలి, అప్పు అన్నీ ఆనాటికే నేలపాలై ఉంటవి. మడిలో కాలు పెట్టినవాడు వెనుకకు తీసికోలేడు. ప్రపంచపు విపణిలో ధర పెరిగిన సమయంలోనే అతనికి ఆ విపణి తలుపు మూసినారు. ఆ సంవత్సరం సామాన్యరకం వడ్లకు కనీస మద్దతు ధర క్వింటాలుకు 2183 రూపాయలు. పై ధర ఏదో తెలియనివానికి ఆ కనీసమే గరిష్ఠమై కూర్చుంటుంది.

స్వదేశంలో అన్నానికి కరవు వచ్చినప్పుడు ధాన్యాన్ని ఓడలకెత్తమని ఎవరూ అనరు. 1943 నాటి బెంగాలు క్షామాన్ని చూచిన దేశానికి ఆ భయం సహజం. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు పెద్దలు. ఆక్షేపణ నిషేధంపై కాదు, అది వచ్చిన తీరుపై. 1995లో అమలులోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ వ్యవసాయ ఒప్పందంలో 12వ అధికరణం, ఆహారధాన్యాల ఎగుమతిని నిషేధింపదలచిన దేశం వీలైనంత ముందుగా వ్రాతపూర్వకంగా తెలియజేయాలన్నది. వర్ధమాన దేశాలకు అందులో కొంత సడలింపు కలదు. ఏది ఏమైనను కొనే దేశానికి ముందుమాట చెప్పాలన్న ఆలోచన ఉన్నది. పండించేవానికి చెప్పాలన్న ఆలోచన లేదు.

విచిత్రమేమంటే, రైతుకు లేని స్వేచ్ఛ విత్తనానికి దొరికినది. ‘మసూరి’ అన్న పేరు తెలుగునాట పుట్టినది కాదు. 1950 దశకంలో ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యాన కటకంలోని కేంద్ర వరి పరిశోధన సంస్థలో దేశదేశాల వరి రకాలను సంకరపరచినారు. తైవాను రకం, మలయా రకం కలిసిన ఒక సంకరం నుండి మలేషియాలో 1965లో వెలువడినదే మసూరి. అది తెలుగు పొలాలకు వచ్చినది. బాపట్ల పరిశోధన కేంద్రంలో కోయంబత్తూరు వారి జీఈబీ 24, తైవాను వారి తైచుంగ్ నేటివ్ 1 రకాలతో కలిసి బీపీటీ 5204గా, అనగా సాంబ మసూరిగా 1986లో విడుదలైనది. తెలుగువారి కంచంలోని అన్నం మూడు దేశాల కృషిఫలం. నాడు శాస్త్రజ్ఞులు కలిసి పనిచేసినందున అది సాధ్యమైనది. రైతులు కలిసినచో ఏమి సాధ్యం కాదు?

అందుకు చదువులేమి అడ్డు కానక్కరలేదు. హైదరాబాదుకు నూరు కిలోమీటర్ల దూరంలోని జహీరాబాదు ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళా రైతులు చిరుధాన్యాల విత్తనాలను కాపాడుకొన్నారు. 2008లో మాచనూరులో తమ సొంత రేడియో నెలకొల్పుకొన్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి ఆ సంస్థను వరించినది. రేడియోకు పట్టుబడిన పని సైబరాబాదు సౌధాలకు పట్టుబడదా? దూరదేశపు బ్యాంకు ఖాతాను ఇక్కడినుండి సరిదిద్దగలిగినవారు కాకినాడ రేవు ధరను, థాయిలాండు, వియత్నాం రైతుల పంట స్థితిని తెలుగులో పల్లెకు చేర్చలేరా? ఆ కొలువులలో రైతుబిడ్డలు అనేకులు ఉన్నారు కూడాను.

ప్రభుత్వం చేయవలసినది ఒకటి ఉన్నది. ఎగుమతి విధానం నాట్లకు ముందే ప్రకటింపబడాలి. విధిలేక మధ్యలో మార్చినచో ఆ నష్టంలో రైతుకు తోడు నిలువాలి. ఉపాధ్యాయులు చేయదగినదీ ఒకటి ఉన్నది. పటంలో బాపట్ల, కటకం, తైవాను, మలేషియాలను విద్యార్థులచే గుర్తింపజేసి, అన్నపు మెతుకు నడచిన దారిని చూపవచ్చును. ఆ దారి తెలిసిన బిడ్డ రేపు పొలంలో ఉన్నను, హైటెక్ సిటీలో ఉన్నను, ఈ గింజ ధరను ఎవరు నిర్ణయించినారని అడుగుతాడు. ఆ ప్రశ్న అడిగేవారు పల్లెపల్లెన ఉన్ననాడు మంత్రుల సభలలో రైతుకు పీట వేయక తప్పదు.