తేరు వెనుక మసి



శాకుంతల నాటకము చదివినవారికి దుష్యంతుని రథవేగము జ్ఞాపకముండును. గుఱ్ఱముల గిట్టలు రేపిన ధూళి యా గుఱ్ఱములనే యందుకొనజాలకుండెనని కాళిదాసు వర్ణించినాడు. వేగముగా బోవు బండిని దుమ్ము వెంటాడజాలదనియే మనమందఱము తలంతుము. కాని నేటికాలపు వేగరథమైన స్పోర్ట్సుకారును వెనుకనుండి యొకమాఱు చూడుడు. ముందుభాగము అద్దమువలె మెఱయుచుండగా వెనుకభాగము మాత్రము కట్టెలపొయ్యినుండి దింపిన గిన్నె యడుగువలె నల్లబడియుండును. నంబరుపలక చుట్టును, దీపములమీదను, పొగగొట్టములకు బైనను నల్లని చుక్కలు చిలికినట్లుండును. నిన్న గడిగిన బండికి నేడు మరల నదే మసి. గాలి కెదురేగునది ముందుభాగము; మురికి పట్టునది వెనుకభాగము. ఇదేమి న్యాయమని మీకు దోచవచ్చును. ఆ న్యాయమును దెలిసికొన్నచో బండి శుభ్రతయే కాదు, అందు గూర్చుండు పిల్లల ప్రాణరక్షణయు గలుగును. అందుచే నీ నెల యీ విషయము నెత్తుకొంటిని.

మొదట మన యింటిలోనే యొక చిన్న పరీక్ష చేసి చూడుడు. వెలుగుచున్న దీపమునకు ముందు గుండ్రని సీసా నొకదానిని నిలిపి, సీసాకు ఈవలినుండి గట్టిగా నూదుడు. సీసా యడ్డముగా నున్నను దీపము రెపరెపలాడి యాఱిపోవును. గాలి సీసా గుండ్రదనము నంటిపెట్టుకొని చుట్టుదిరిగి యావలికేగుటయే యిందుకు గారణము. ఇప్పుడు సీసాను దీసి, దాని చోట నొక యట్టముక్కను నిలువుగా బట్టి మరల నూదుడు. దీపమాఱదు, సరికదా, జ్వాల మీవైపునకే వంగును! ఊదిన గాలి యావలికి బోవుచుండగా జ్వాల యీవలికేల వంగవలెను? అట్ట యంచును దాటిన గాలి వెంటనే లోపలికి మలగజాలక విడిపోవును. అట్ట వెనుక గాలిపీడనము తగ్గి యొక గుల్ల యేర్పడును. ఆ గుల్లను నింపుటకు ఆవలి గాలి సుడులు తిరుగుచు ఈవలికి వచ్చును. జ్వాలను వంచినది యా తిరుగుగాలియే. ఈ పరీక్ష చేయునపుడు పమిటచెఱగు జాగ్రత్త సుమా!

కారు వెనుకభాగము ఆ యట్టముక్క వంటిది. గాలి నిలిచియుండగా బండి పరుగెత్తినను, బండి నిలిచియుండగా గాలి వీచినను ఫలమొక్కటియే. స్పోర్ట్సుకారు పైకప్పు వెనుకకు నున్నగా జాఱియుండును గాన గాలి యా వాలు నంటుకొని చాలదూరము వచ్చును. అందుచేతనే పెక్కుకారులలో వెనుకటి యద్దము కొంత శుభ్రముగా నుండును. కాని వాలు ముగిసి, నిలువుగా గోసినట్లున్న తోకభాగము వచ్చునప్పటికి గాలి బండిని విడిచిపెట్టును. తోకను జేపతోకవలె సన్నగా సాగదీసినచో గాలి యంతగా విడువదు గాని బండి మితిమీఱిన పొడవగును. తోకను నడుమనే ఖండించినను గాలినిరోధ మంతగా హెచ్చదని 1930 తరువాతి సంవత్సరములలో జర్మనీదేశమందలి స్టుట్‌గార్టు నగరమున నిరూపించినవారిలో వూనిబాల్డు కామ్ అను పండితుడు ముఖ్యుడు. కోసిన తోకకు నేటికిని ఆయన పేరే వాడుకలో నున్నది. 1984లో జర్మనీలోనే అహమద్ అను పరిశోధకుడు సహచరులతో గూడి, 1044 మిల్లీమీటర్ల పొడవుగల దిమ్మె నొకదానిని గాలిసొరంగమున నుంచి, దాని వెనుకవాలును మార్చిమార్చి పరీక్షించెను. వాలు సుమారు 30 డిగ్రీలు దాటిన గాలి దానిని బూర్తిగా విడుచుననియు, అంతకు గొంచెము తక్కువైనపుడు రెండు ప్రక్కల యంచులనుండి రెండు సుడులు త్రాళ్ళవలె పేనుకొని వెనుకకు సాగుననియు దేలెను. వాలెట్టిదైనను నిలువుపలక వెనుక గుల్ల మాత్రము తప్పదు. పైకప్పులేని కారులో గూర్చున్న స్త్రీ కురులు వెనుకకెగురక ముఖముమీద బడుటయు ఇట్టి తిరుగుగాలి మహిమయే.

ఆ గుల్లలోనికి వచ్చినదెల్ల బండికంటుకొనదు. ఇసుకరేణువు బరువైనది, తాను బోవుదారిని దిన్నగా బోవును. సన్నని మసియు నీటితుంపరయు దేలికైనవి. గాలితోబాటు సుడితిరిగి వచ్చి పలకకు దగులును. అచ్చట గాలివేగము మందముగా నుండుటచే వానిని మరల నూడ్చుకొనిపోవునదియు లేదు. వానకాలమున తడి జిగురువలె బనిచేసి యా మసిని మఱింత గట్టిగా బట్టియుంచును.

ఇక నా నలుపెక్కడిది? టైరులు రోడ్డునుండి యెగజిమ్ము బురదతుంపర యొకటి. అరిగిన టైరుల రబ్బరుపొడి రెండవది. బ్రేకులు వేసినప్పుడు ఇనుపచక్రము నుండి రాలు సన్నని యినుపరజను మూడవది. నాలుగవదియు ముఖ్యమైనదియు నైనది యంత్రము విడుచు మసి.

ఈ మసిని గూర్చి కొంత వివరింపవలసియున్నది. పూర్వపు యంత్రములలో పెట్రోలు ముందుగానే గాలితో గలిసి యంత్రగర్భములోనికి బోయెడిది. ఇప్పటి యంత్రములలో జాలవాటియందు పెట్రోలును మిక్కిలి యొత్తిడితో దిన్నగా యంత్రగర్భములోనికే చిమ్ముదురు. ప్రసిద్ధమైన పోర్షే 911 కారునకు ఈ పద్ధతి 2008లో వచ్చెను. దీనివలన బలము హెచ్చును, పెట్రోలు తగ్గును. కాని చిమ్మిన తుంపరలో గొంత లోపలి గోడలను దడిపి, గాలి చాలక సగము కాలి మసియగును. తడికట్టె పొయ్యిలో బెట్టిన నేమగునో మనకు దెలియనిదా? అందును యంత్రము చల్లగా నుండి, అప్పుడే బయలుదేఱునపుడు పెట్రోలు పాలు హెచ్చుగా నిత్తురు గాన మసి మఱింత యధికము. మఱియొక విశేషము వినుడు. లీటరు పెట్రోలు కాలినపుడు సుమారు లీటరు నీరు పుట్టును. అది యావిరిరూపమున వెడలి, చల్లని గొట్టములో నీటిబొట్లుగా మాఱి, మసిని గలుపుకొని, పొగతోబాటు బయటికి జిమ్మబడును. ఉదయమున గోడకు దగ్గఱగా నిలిపిన కారును నడిపింపగానే గోడమీద నల్లని చుక్కలు కనబడుట యిందువలననే. ఐరోపాలో 2018 సెప్టెంబరునుండి ఇట్టి క్రొత్తకారులు కిలోమీటరునకు 60,000 కోట్ల రేణువులకు మించి విడువరాదను నిబంధన యమలులోనికి వచ్చెను. అందుచే పెక్కుకారుల గొట్టములలో మసిజల్లెడ నమర్చినారు. అట్టి కారుల గొట్టములు చాలవఱకు శుభ్రముగా నుండును.

బండి చల్లబడిన పిమ్మట తెల్లని తడిగుడ్డతో గొట్టపుటంచును దుడిచి చూడుడు. పొడిగా, కాటుకవలె నంటినచో నది సామాన్యమైన మసి. జిడ్డుగా నంటి, పొగ నీలముగా వచ్చుచున్నచో యంత్రము నూనెను దహించుచున్నదని యర్థము. యంత్రము వేడెక్కిన తరువాతను నల్లనిపొగ మానకున్నచో పెట్రోలు మితిమీఱి పడుచున్నది. ఈ రెండింటికిని మెకానికును బిలువవలెను. రంగుమీది చుక్కలు కొన్నినాళ్ళకు దుప్పువన్నెకు దిరిగినచో నవి యినుపరజను. చక్రముల వెనుక, క్రిందిభాగమున జిగటగా నున్నవి రోడ్డు తారు.

తుడుచుటలోను క్రమమున్నది. పొడిగుడ్డతో నెన్నడును దుడువరాదు. సన్నని ఱాతిపొడి రంగును గీచివేయును. మొదట నీరుపోసి నానబెట్టి, పిమ్మట కార్లకొఱకైన సబ్బునీటితో మెల్లగా గడుగవలెను. ఇనుపరజనుకును, తారునకును వేఱువేఱు ద్రావకములు దొఱకును. రంగుపైని చుక్కలను గోటితో గీకరాదు. వెనుకదీపములను నంబరుపలకను మాత్రము, బండి యంతయు గడుగుటకు దీఱిక లేకున్నను, ప్రయాణమునకు ముందు దుడువక తప్పదు. మసిబట్టిన దీపము వెనుకవచ్చువానికి మందముగా గనబడును. మనము బ్రేకువేసిన సంగతి వాడు గుర్తించులోపలనే యాపద వాటిల్లవచ్చును.

ఇంతకన్న ముఖ్యమైన సంగతి యింకొకటి కలదు. మసి వెనుకభాగమునకంటెనన్న, పొగయు నచ్చటికి వచ్చినదనియే కదా! ఆ పొగలో కార్బన్ మోనాక్సైడను విషవాయువుండును. దానికి రంగులేదు, వాసనలేదు. అది రక్తమును బ్రాణవాయువుకంటె రెండువందలరెట్లకు మించిన బలముతో బట్టుకొనును. ఈ గుల్ల స్పోర్ట్సుకారుకే కాదు. మన యిండ్లలోని చిన్నకారులకును, వెనుక పైకెత్తు తలుపున్న పెద్దకారులకును గలదు. వానికి వెనుకటి యద్దముమీద తుడుపుకఱ్ఱ నమర్చుటయు అందుకొఱకే. మంచమో, బీరువాయో, పొడవైన వెదురులో వేసికొని, తలుపు మూతపడదని వెనుక ద్వారమును దెఱచియే త్రాటితో గట్టి బయలుదేఱువారిని మనము చూచుచునే యున్నాము. అట్లు పోవునపుడు దీపమును వంచిన యా తిరుగుగాలియే పొగను బండిలోనికి లాగుకొనివచ్చును. వెనుక గూర్చున్న పిల్లలకు దలనొప్పియో, వికారమో, మగతయో కలిగిన, ప్రయాణపు బడలిక యనుకొందుము, నిద్రపోయినారని సంతోషింతుము. ఆ నిద్ర ప్రాణాంతకము కావచ్చును.

కాబట్టి తలుపు మూతపడని సామానును సరకుబండిపై బంపుడు. కూలి కొంత యగునేకాని ప్రాణభయముండదు. తప్పనిసరియైనచో నా బండిలో బిల్లలను గూర్చుండనీయకుడు. ముందునుండి వచ్చు బయటిగాలి ద్వారములను దెఱచి, పంకాను బలముగా నడిపింపుడు. లోపలిగాలినే త్రిప్పు మీటను మాత్రము నొక్కరాదు. ఎవరికైన దలదిరిగినచో వెంటనే బండి నాపి, అందఱును బయటికి దిగి, వైద్యుని గలిసికొనవలెను.

ఈ సంగతిని మీ యింట బండి నడుపువారికి జదివి వినిపింపుడు. నడుపువారు మీరే యైనచో, వచ్చు ప్రయాణమునాడు వెనుకకు బోయి దీపములు తుడిచి, తలుపు గట్టిగా మూసికొన్నదని చేతితో నొక్కి చూచిన పిదపనే బయలుదేఱుడు.