వానలో ఉరకడానికి జాకెట్ ఎందుకండీ?

జూన్ వచ్చిందంటే చాలు, మన ఐటీ జనాల రన్నింగ్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "ఏ రెయిన్ జాకెట్ కొనాలి?" ప్రశ్నలో తప్పేం లేదు. హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో పెడతారు, అంటే దానికి తయారయ్యే రోజులన్నీ వానాకాలమే. పైగా వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని కరీంనగర్‌లోనో, మంచిర్యాలలోనో, ఆదిలాబాద్‌లోనో ఇంటిపట్టున ఉండి ప్రాక్టీసు చేసేవాళ్లు కూడా ఉన్నారు. గొడవంతా జవాబులతోనే. గూగుల్‌ని అడిగితే వాటర్‌ప్రూఫ్ జాకెట్, వాటర్‌ప్రూఫ్ షూ, దాని మీద ఇంకో లేయరు అని చాంతాడంత లిస్టు ఇస్తుంది. ఆ లిస్టు ఏ లండన్ వాననో, సియాటిల్ వాననో చూసి రాసింది. వేరే ఎన్విరాన్‌మెంట్‌లో టెస్ట్ చేసిన కోడ్‌ని యథాతథంగా తెచ్చి మన ప్రొడక్షన్‌లో పెడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

నా మటుకు నేను చెప్పేది ఒక్కటే. మన దగ్గర వానలో పరిగెత్తేవాడు తడవకుండా ఉండాల్సిన పనే లేదు. ఒళ్లు వేడెక్కకూడదు, లారీ డ్రైవర్‌కి కనబడాలి, ఏ రోజు ఇంట్లోంచి కదలకూడదో తెలియాలి. డబ్బులైనా, బుర్రయినా ఈ మూడింటి మీద పెడితే చాలు.

ముందు మన వాన సంగతి చూద్దాం. ఆదిలాబాద్ వైపు ఏడాదికి 1000 మిల్లీమీటర్ల పైనే కురుస్తుంది. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ముసురు పట్టిందంటే మూడ్రోజులైనా సూర్యుడు కనబడడు. అయినా జులైలో తెల్లవారుజామున కూడా 24, 25 డిగ్రీలు ఉంటుంది. అదే ఆదిలాబాద్‌లో డిసెంబరు, జనవరిలో పది డిగ్రీల లోపుకి పడిపోతుంది, కానీ అప్పుడు వాన ఉండదు. అంటే ఇక్కడ వణికించే చలి, ముంచెత్తే వాన ఒకే నెలలో రావు. రెయిన్ జాకెట్ పుట్టిందేమో ఆ రెండూ కలిసొచ్చే దేశాల కోసం.

ఇప్పుడు ఒంటి లెక్క. 70 కిలోల మనిషి 10 కిలోమీటర్లు పరిగెడితే దాదాపు 700 కిలోకేలరీలు ఖర్చవుతాయి. అందులో ముప్పాతిక భాగం పైగా వేడి కిందే పోతుంది. ఆ వేడి దిగాలంటే చెమట ఆరాలి. ముసురులో గాలి నిండా తేమ, చెమట ఆరదు. అలాంటప్పుడు ఒంటి మీద పడే వాన చుక్కలే మనకి ఫ్రీగా వచ్చిన కూలింగ్ సిస్టమ్. ఎనిమిది వేలు పోసి కొన్న జాకెట్ చేసే మొదటి పని దాన్ని ఆపేయడం!

"అది బ్రీతబుల్ అండీ, గోర్‌టెక్స్" అంటారు. నిజమే, అది గొప్ప ఇంజనీరింగే. 1969లో బాబ్ గోర్ టెఫ్లాన్‌ని సాగదీసి కనిపెట్టిన పొర అది. నీటి చుక్కని లోపలికి రానివ్వదు, చెమట ఆవిరిని బయటికి పోనిస్తుంది. కానీ ఆవిరి తనంతట తాను పోదు. లోపలి కన్నా బయట ఆవిరి ఒత్తిడి తక్కువుంటేనే పోతుంది. బయట 5 డిగ్రీలున్నప్పుడు ఆ తేడా బాగా ఉంటుంది. 25 డిగ్రీలు, 95 శాతం తేమ పెట్టి లెక్కేస్తే తేడా సగానికి దగ్గరగా పడిపోతుంది. జాకెట్ చెడిపోయిందని కాదు, దాన్ని తయారు చేసింది ఈ వాతావరణానికి కాదు.

మన ఊళ్లలో ఈ విషయం ఎప్పట్నుంచో తెలుసు. గొర్లు కాసేటాయన గొంగడి కప్పుకుంటాడు. ఆయన పొద్దంతా చెలకల్లో నిలబడో, నెమ్మదిగా నడుస్తూనో ఉంటాడు, ఒంట్లో పెద్దగా వేడి పుట్టదు. గొంగడి తడిసినా వెచ్చగానే ఉంటుంది. నాట్లేసే ఆడవాళ్లు వీపు మీద ప్లాస్టిక్ కవరు కట్టుకుంటారు. గంటల తరబడి వంగి ఉంటే వాన పడేది వీపు మీదే కాబట్టి. అదే మొగులు పట్టిన రోజు గడ్డపారతో గుంత తవ్వేవాడిని చూడండి, ఒంటి మీద బనీను తప్ప ఏమీ ఉండదు. పనిని బట్టి బట్ట. పరిగెత్తేవాడు గుంత తవ్వేవాడి జట్టు, గొర్లు కాసేవాడి జట్టు కాదు.

చలి దేశాల్లో ఉన్న మనవాళ్లు మాత్రం ఇది చదివి జాకెట్ అవతల పారేయకండి. 2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో 100 కిలోమీటర్ల కొండల పరుగు జరుగుతుండగా చలివాన, వడగళ్లు, ఈదురుగాలి ఒక్కసారిగా వచ్చి 21 మంది రన్నర్లు చనిపోయారు. గాలిని ఆపే జాకెట్‌ని నిర్వాహకులు తప్పనిసరి చేయలేదు. అక్కడ ఆ జాకెట్ ప్రాణం. ఇక్కడ మాత్రం అది ఆవిరి పెట్టె.

సరే, మరి ఏం వేసుకోవాలి? పల్చటి పాలిస్టర్ టీషర్టు, ఒంటికి అతుక్కునే నిక్కరు. కాటన్ వద్దు, నీళ్లు పీల్చి బరువెక్కి, ఒరుసుకుని తోలు లేపుతుంది. తొడల మధ్య, చంకల్లో, ఛాతీ మీద వాజిలైన్ రాసుకోండి, సిగ్గు పడే విషయం కాదు. కళ్లలో నీళ్లు పడకుండా ముందు అంచు ఉన్న టోపీ. ఫోన్‌కి ఐపీ 68 అని రాసున్నా జిప్ ఉన్న పాలిథీన్ కవర్లో పెట్టండి. తడిసిన చార్జింగ్ పోర్టుకి ఆరేదాకా చార్జర్ పెట్టకూడదు.

షూ విషయంలో వాటర్‌ప్రూఫ్ అసలే వద్దు. వాటిలోకి నీళ్లు పైనుంచి దిగుతాయి, బయటికి మాత్రం పోవు. రెండు కాళ్లకి రెండు చెంబులు కట్టుకుని ఉరికినట్టే. మెష్ షూ అయితే నీళ్లు ఎలా వస్తాయో అలాగే పోతాయి. ఇంటికొచ్చాక లోపలి సోల్ తీసేసి, పాత పేపరు కుక్కి, ఫ్యాను కింద పెట్టండి. వేళ్ల సందులు పొడిగా తుడుచుకోకపోతే దురద ఖాయం. ఇక ఆదిలాబాద్ నల్లరేగడిలో ఏ ఖరీదైన ట్రెయిల్ షూ కూడా పనిచేయదు. పది అడుగులు వేస్తే కాలికి కిలో మట్టి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అనలేదు. వాన రోజుల్లో తారు రోడ్డే దిక్కు.

తారు రోడ్డంటే అసలు ప్రమాదం అక్కడే ఉంది. రాజీవ్ రహదారి మీద పొద్దున ఐదింటికి వైపర్లు కొట్టుకుంటూ లారీ వస్తుంటుంది. చీకటి, తుంపర, ఎదుటి బండి లైట్ల వెలుగంతా అద్దం మీదే. అందులో నల్ల టీషర్టు వేసుకుని మనం. డ్రైవర్‌కి మనం కనబడితేనే కదా తప్పించేది? అందుకే డబ్బులు ఖర్చు పెట్టాల్సింది ఇక్కడ. మెరిసే పట్టీలున్న పల్చటి వెస్టు, తలకి లైటు, వీపు వెనకాల వెలిగి ఆరే ఎర్రలైటు. అన్నీ కలిపినా జాకెట్ ధరలో ఓ మూల. వచ్చే బండికి ఎదురుగా, రోడ్డుకి కుడి పక్కన ఉరకాలి. చెవుల్లో పాటలు వద్దు.

ఇక ఏ గేరూ కాపాడలేనివి రెండున్నాయి. ఒకటి పిడుగు. పత్తి గింజలు వేసే రోజుల్లో చేన్లల్లో పిడుగు పడి మనుషులు పోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. మానేరు డ్యామ్ కట్ట మీద ఉరుకుతుంటే చుట్టూ నీళ్లు, మధ్యలో నిలువుగా కనబడేది మనమే. పుణేలోని ఐఐటీఎం వాళ్లు చేసిన దామిని యాప్ ఫోన్లో పెట్టుకోండి. ఉరుము వినబడితే ఇంట్లోకి పోవాలి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు.

రెండోది వాగు. కడెం ప్రాజెక్టు 2022 జులైలో, మళ్లీ 2023 జులైలో గేట్ల మీదుగా పొంగింది. అంత పెద్ద ప్రాజెక్టుకే అట్లా అయితే ఊరి పక్క లోలెవల్ వంతెన ఎంత? వేగంగా పారే నీళ్లు అర అడుగు ఉంటే చాలు, నిలబడ్డ మనిషిని పడేస్తాయి. ఆ నీళ్లకి మీ షూ ఏ బ్రాండో తెలియదు. ఇవాళ పది కిలోమీటర్లు చేయకపోతే ట్రైనింగ్ ప్లాన్‌లో ఒక గడి ఖాళీగా ఉంటుంది, అంతే. స్ప్రింట్ డెడ్‌లైన్లే జరిపేస్తుంటాం, ఒక్క పరుగు రేపటికి జరపలేమా?

కాబట్టి ఈ జూన్‌లో కార్ట్‌లో పెట్టిన ఆ జాకెట్ తీసేసి, ఒక ఎర్రలైటు పెట్టండి. తడిస్తే తువ్వాలు ఉంది.