సున్నా చూపని మీటరు మాకొద్దు

మురుగులో మనిషి చస్తే 30 లక్షలివ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. సరే, చావకముందు సంగతేంటి? జగ్గయ్యపేటలోనైనా నందిగామలోనైనా సెప్టిక్ ట్యాంకు మూత తీసి, ఆక్సిజన్ మీటరు చూపించి "గాలుంది, దిగరా" అంటే మేం నమ్మం. బయటిగాలికి 20.9 అని తిప్పి పెట్టిందే కదా అది!

సెన్సారులో ఆక్సిజన్‌ను బట్టి కరెంటు పుడుతుంది. ఆక్సిజన్ లేకపోయినా పిసరంత మిగులుతుంది. సెన్సారు పాతబడి ఆ మిగులు పెరిగితే, లేని గాలిని ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే నైట్రోజన్ పట్టి, అంకె సున్నాకి దిగిందో లేదో చూడాలి. నైట్రోజన్ లేదంటారా? నోటితో ఊదండి, అంకె పడాలి. కదలకపోతే పారెయ్యండి.

19.5కి తగ్గితే దిగేది లేదు. ఆక్సిజన్ చాలినా కుళ్లుగుడ్డు కంపు గాలి చంపుతుంది, దానికి వేరే సెన్సారుండాలి. ఈ పరీక్షలన్నీ మా కళ్లముందే చెయ్యాలి. అప్పటిదాకా మనవాళ్లు గట్టునే కూచుంటారు.