పసివారి ఛాతీలో గడ్డ: ఏ కొలబద్దతో కొలవాలి?

పసిబిడ్డ ఛాతీ ఎక్స్‌రేలో, ఊపిరితిత్తుల నడుమ, వెడల్పైన తెల్లని నీడ ఉన్నదని చెప్పగానే తల్లిదండ్రులు "దీనికి మందేమిటి?" అని అడుగుతారు. అంతకంటె ముందు "ఆ నీడకు పేరేమిటి?" అని అడుగవలెనని నా అభిప్రాయం. నేను వైద్యుణ్ణి కాను, రసాయన శాస్త్రజ్ఞుణ్ణి. కాని పదార్థమేదో గుర్తించకముందే దానిపై చర్య జరిపితే కలిగే అనర్థం ప్రయోగశాలలకే పరిమితం కాదని వైద్యచరిత్ర చెబుతున్నది.

శిశువులలో ఆ నీడ చాలాసార్లు థైమస్ గ్రంథిదే. రోగనిరోధక కణాలను తీర్చిదిద్దే ఈ గ్రంథి శైశవంలో పెద్దదిగా ఉండి, యౌవనం తరువాత క్రమంగా కృశిస్తుంది. ఇరవయ్యవ శతాబ్దారంభంలో పలువురు వైద్యులు, శిశువుల ఆకస్మిక మరణాలకు పెరిగిన థైమస్ కారణమని నమ్మారు. 1907లో సిన్సినాటీలో ఫ్రీడ్‌లాండర్ అనే వైద్యుడు ఎక్స్‌రే కిరణాలతో దానిని కుదించే చికిత్సను వెల్లడించాడు. ఆ చికిత్స దశాబ్దాలపాటు సాగింది. థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లలలో పలువురు శైశవంలో ఈ చికిత్స పొందినవారేనని 1950లో డఫీ, ఫిట్జెరాల్డ్ అనే పరిశోధకులు ప్రకటించారు.

ఇంతకూ ఆ గ్రంథి "పెరిగింది" అని ఎట్లు నిర్ణయించారు? శవపరీక్షకు లభించిన దేహాలలో అధికభాగం దీర్ఘవ్యాధులతోను, ఆకలితోను మరణించిన నిరుపేదలవి. వ్యాధి, ఆకలి రెండూ థైమస్‌ను కృశింపజేస్తాయి. కృశించిన గ్రంథినే ప్రమాణంగా తీసుకున్నందువలన ఆరోగ్యవంతుడైన శిశువు గ్రంథి రోగమై కూర్చున్నది!

రక్తపరీక్షలలోనూ ఇదే చిక్కు. ఛాతీ ముందుభాగంలో పుట్టే కొన్ని బీజకణ కణితులు ఆల్ఫా ఫీటో ప్రోటీన్‌ను రక్తంలోకి విడుదల చేస్తాయి. అయితే నవజాత శిశువు రక్తంలో ఈ ప్రోటీన్ సహజంగానే మిల్లీలీటరుకు వేల నానోగ్రాములలో ఉంటుంది. పెద్దల స్థాయికి దిగిరావడానికి సుమారు ఏడాది పడుతుంది. బిడ్డ వయస్సు చూడక అంకెను మాత్రమే చదివితే లేని కణితి కనిపించగలదు. వెన్నెముక ప్రక్కన పుట్టే న్యూరోబ్లాస్టోమాను మూత్రంలోని వానిలైల్ మాండెలిక్ ఆమ్లం పట్టి ఇస్తుంది. ఐస్‌క్రీములోని వనిల్లిన్‌కు ఇది దగ్గరి చుట్టం. పాత పరీక్షా పద్ధతులలో వనిల్లా, అరటిపండు తిన్నా ఫలితం తారుమారయ్యేది.

వయస్సుతోపాటు స్థలాన్ని కూడ లెక్కలోకి తీసుకొనవలెను. ఛాతీ మధ్యలోని లింఫు గ్రంథులు ఉబ్బినపుడు మన దేశంలోని వైద్యుడు మొదట క్షయను తలచుకుంటాడు. అమెరికాలో ఒహాయో, మిసిసిపీ నదీలోయల మట్టిలో, పక్షులు, గబ్బిలాల రెట్టలు కలిసినచోట, హిస్టోప్లాస్మా అనే శిలీంధ్రం పెరుగుతుంది. అది కూడ ఆ గ్రంథులనే ఉబ్బిస్తుంది. ఎక్స్‌రేలో రెండూ లింఫోమా అనే క్యాన్సర్‌ను పోలి ఉండవచ్చు. కొలంబస్‌లో పెరిగి, వేసవిలో గుంటూరులోని తాతగారింట రెండు నెలలు గడిపి వచ్చిన బిడ్డ విషయంలో ఇచ్చటి వైద్యునికి క్షయ తట్టకపోవచ్చు; అచ్చటి వైద్యునికి హిస్టోప్లాస్మా తట్టకపోవచ్చు. బిడ్డ ఎక్కడెక్కడ ఉన్నదీ, ఆ ఇంట ఎవరికైనా దీర్ఘకాలంగా దగ్గు ఉన్నదీ లేనిదీ చెప్పవలసినది తల్లిదండ్రులే. బంధువులలో క్షయ ఉన్నదని చెప్పడానికి సిగ్గుపడే కుటుంబాలు మనలో ఇంకను ఉన్నాయి. ఈ సిగ్గు ఖరీదు బిడ్డ చెల్లించవలసి వస్తుంది.

స్టిరాయిడ్ల విషయంలో నాకు మరింత ఆందోళన. గడ్డ శ్వాసనాళాన్ని నొక్కితే పిల్లికూతలు వినిపిస్తాయి. ఉబ్బసమనుకొని ఇంట మిగిలిన స్టిరాయిడ్ మాత్రలు వేసే వారున్నారు. లింఫోమా అయితే ఆ మందుతో కొద్దిరోజులలోనే కుంచించుకుపోతుంది. ఆయాసం తగ్గుతుంది, ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. తరువాత బయాప్సీ చేస్తే అది ఏ రకమో తేల్చడం దుస్సాధ్యం కావచ్చు. క్షయ అయితే అదే మందు వ్యాధి విజృంభణకు తోడ్పడవచ్చు. ఊపిరి ఆగిపోయే స్థితిలో బయాప్సీకి ముందే స్టిరాయిడ్ ఇవ్వక తప్పదని వైద్యబృందం నిర్ణయిస్తే అది వేరు మాట. ఆ నిర్ణయం మాత్రం వారిదే కావలెను.

ఇంకొక సంగతి. వెల్లకిలా పడుకుంటే ఆయాసపడి, కూర్చునే నిద్రించే బిడ్డను బయాప్సీకి తీసుకువెళ్ళినపుడు ఆ సంగతి మత్తుమందు ఇచ్చే వైద్యునికి ముందుగా చెప్పితీరవలెను. పూర్తి మత్తులో కండరాలు సడలినపుడు గడ్డ శ్వాసనాళాన్ని మూసివేయగలదు. అటువంటి బిడ్డకు మెడలోని లింఫు గ్రంథి నుండి, స్థానికంగా మాత్రమే మత్తు ఇచ్చి ముక్క తీయడానికి వీలున్నదేమో వారు ముందే ఆలోచించుకోగలుగుతారు.